ఆయన చేతిలో ఎవరూ చావరు

మా గురువుగారికి మనుషుల్ని చంపడం చేతకాదు. ఇంకొకరైతే దీన్ని మంచి గుణం అనేవాళ్ళం. ఈయన టీవీ సీరియల్ రచయిత కాబట్టి రోగం అనవలసి వచ్చింది.

ప్రమాదాలు రాయడంలో మాత్రం ఆయన్ని మించినవాళ్ళు లేరు. పదకొండేళ్ళలో ముప్ఫై నలుగురిని లోయల్లోకి తోశారు, వాగుల్లో ముంచారు, మంటల్లో ఇరికించారు, విమానంతో సహా మాయం చేశారు. ముప్ఫై నలుగురూ తిరిగొచ్చారు. ప్రమాదం సీను చివర ఎప్పుడూ ఒకటే డైలాగు. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ఎంత వెతికినా బాడీ దొరకలేదు" అనేవాడు. సీరియల్లో ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకుంటుంటే, టీవీ ముందు కూర్చున్నవాళ్ళు నింపాదిగా లేచి బట్టలు మడతపెట్టుకునేవాళ్ళు. ఇన్‌స్పెక్టరు వేషం వేసే ఆయన ఆ ఒక్క ముక్క మీదే పదకొండేళ్ళు నెట్టుకొచ్చాడు. యూనిట్లో అందరూ గురువుగారిని చాటుగా 'దొరకలేదు గారు' అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మనుషులదాకా ఎందుకు, కుక్కని కూడా చంపలేకపోయారు. పాలల్లో విషం కలిపారని ప్రేక్షకులకి తెలియాలి. ఏ రచయితైనా ఆ పాలు ముందు కుక్కచేత తాగిస్తాడు. గురువుగారి సీన్లో కుక్క గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

"విషమని ఎలా తెలుస్తుంది సార్?" అని డైరెక్టరు తల పట్టుకున్నాడు.

"కుక్క ముట్టుకోలేదంటే విషమేగా!"

"కడుపు నిండిందేమో అనుకుంటారు సార్."

గురువుగారు కాసేపు ఆలోచించి, "అయితే గిన్నె తన్నేసి వెళ్ళమనండి. కోపం వచ్చిందని తెలుస్తుంది" అన్నారు. కుక్కకి గిన్నె తన్నడం నేర్పడానికి ఒక పూట షూటింగ్ ఆగిపోయింది.

ప్రమాదం రాసిన రోజు ఆయన మనసు మనసులో ఉండేది కాదు. కాగితాలు పక్కన పెట్టి, ఆ వేషం వేసే అమ్మాయికి ఫోన్ చేసేవారు. "అమ్మా, నేను. బావున్నావా?" అనేవారు. "బావున్నాను సార్, ఏమైంది?" అని ఆ పిల్ల కంగారుపడేది. "ఏమీ కాలేదు. భోంచేశావా? మెట్లు దిగేటప్పుడు చూసుకుని దిగమ్మా" అని పెట్టేసేవారు. వచ్చే వారం తాను మెట్ల మీంచి దొర్లబోతున్నానని ఆ అమ్మాయికి అప్పుడే తెలిసిపోయేది. ఆ సాయంత్రానికి యూనిట్ మొత్తానికీ తెలిసేది.

నేనాయన దగ్గర అసిస్టెంటుగా చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. నాకు మలుపులంటే పిచ్చి. నడుస్తున్న కథ ఒక్క దెబ్బకి తలకిందులై, చూసేవాళ్ళు చేతిలో కంచంతో అలాగే నిలబడిపోవాలి. అలాంటి మలుపు ఒక్కటి రాసి పేరు తెచ్చుకోవాలని నా ఆశ. గురువుగారేమో నేను చెప్పిన ప్రతి మలుపునీ శ్రద్ధగా విని, "బావుందమ్మాయ్, మరి అతను తిరిగి రావడానికి దారేదీ?" అని అడిగేవారు. తిరిగి రాడు గురువుగారూ, చచ్చిపోయాడు అంటే, "అంత ఖచ్చితంగా ఎందుకు చెప్పడం?" అని బతిమాలుతున్నట్టు చూసేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

మా యూనిట్‌కి గురువారం అంటే హడలు. ఆ పొద్దున రేటింగు వస్తుంది. ఆ సాయంత్రం వచ్చే వారం కాగితాలు అందరికీ పంచుతారు. నటీనటులెవరూ మొదటి పేజీ చదవరు. చివరి పేజీ తీసి, అందులో తమ పేరు పక్కన ఏం రాసుందో చూసుకుని, అప్పుడు టీ అడుగుతారు. కొన్ని నెలలుగా రేటింగు దిగజారుతోంది. దాంతో గురువారం మధ్యాహ్నం ఎవరికీ అన్నం సయించడం మానేసింది.

మా సీరియల్ ఒక పెద్దింటి కథ. ఆ ఇంటి తాళాలన్నీ నాయనమ్మ మొల్లో ఉంటాయి. ఆ వేషం వేసే ఆవిడ డెబ్బై దాటిన మనిషి, నాటకాల్లోంచి వచ్చింది. తెర మీదా తెర వెనకా అందరికీ ఆవిడ నాయనమ్మే. నేను చేరాక చూస్తుండగానే ఆవిడ మాటలు తగ్గిపోతూ వచ్చాయి. ముందు పేరాలు పోయి వాక్యాలయ్యాయి. తర్వాత వాక్యాలూ పోయి "అలాగా", "చూద్దాం", "ఊఁ" మిగిలాయి. గురువుగారికి బద్ధకం పెరిగిందని నేను తీర్మానించాను.

"ఈ వారం కూడా నాయనమ్మకి 'ఊఁ' యేనా గురువుగారూ?" అన్నానొకసారి.

"సరిగ్గా చూడమ్మాయ్. కిందటి వారం 'ఊఁ'. ఈ వారం 'ఊహూఁ'. తేడా లేదూ?" అన్నారు.

విచిత్రమేమిటంటే జనానికి అది తెగ నచ్చింది. ముసలావిడ ఏదో దాస్తోంది, అందుకే నోరు విప్పడం లేదు అని ఇంటింటా చెప్పుకున్నారు. ఆవిడ "ఊఁ" అన్నప్పుడల్లా అల్లుడి వేషం వేసే నటుడు ఉలిక్కిపడాలి, వెనక డప్పులు మోగాలి.

ఆ గురువారం చానల్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. గురువుగారూ నేనూ వెళ్ళాం. ఒళ్ళు జివ్వుమనే చల్లటి గదిలో కూర్చోబెట్టారు. మా సీరియల్ చూసుకునే అధికారిని అందరం చానల్ సార్ అంటాం. ఆయన గొంతు పెంచడు. గోడ మీద రేటింగు గీత వేసి చూపిస్తాడు, అంతే. ఆ గీత మెట్లు దిగినట్టు దిగుతోంది.

"ఇదిగో, ఇక్కడ మీ చిన్నకోడలు లోయలో పడింది. ఆ నిమిషంలోనే జనం వేరే చానల్‌కి వెళ్ళిపోయారు. ఎందుకో తెలుసా సార్? వస్తుందని వాళ్ళకి తెలుసు. మీ సీరియల్లో చావంటే ఎవరికీ భయం లేదు" అన్నాడు.

గురువుగారు గ్లాసులో నీళ్ళు తాగారు. ఖాళీ అయ్యాక ఆ గ్లాసే మళ్ళీ ఎత్తి తాగారు.

"మూడు వారాలు ఆగుతాం. ఒక్క చావు కావాలి, అసలు సిసలు చావు. బాడీ కనపడాలి, మొహం కనపడాలి. లేదంటే సీరియల్ ఆపేస్తాం. మీ అరవై మందికీ మీరే చెప్పుకోండి."

నా గుండె దడదడ కొట్టుకుంటోంది. అది భయం కాదని ఒప్పుకోవాలి. ఏడాదిగా ఎదురుచూస్తున్న అవకాశం నా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నాయనమ్మని చంపేద్దాం సార్!" అన్నాను.

చానల్ సార్ మొదటిసారి నా వైపు చూశాడు. నేనింక ఆగలేదు. "ఆవిడ ఏదో రహస్యం దాస్తోందని అందరూ అనుకుంటున్నారు కదా. ఆ రహస్యం చెప్పబోతుంది సార్. అందరూ చుట్టూ చేరతారు. 'ఈ ఇల్లు అసలు' అని మొదలుపెడుతుంది. అంతే, ప్రాణం పోతుంది!"

"అద్దిరిపోయింది. ఎవరండీ ఈ అమ్మాయి?" అన్నాడాయన.

"మా అసిస్టెంటు" అన్నారు గురువుగారు. గొంతులో కోపం లేదు. తిరిగొస్తుంటే కారులో, "మంచి మలుపే చెప్పావమ్మాయ్" అన్నారొకసారి. ఆ తర్వాత దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకుని ఇంటికెళ్ళి అమ్మకి కూడా చెప్పుకున్నాను.

మర్నాడు సెట్లో అడుగుపెట్టగానే మేకప్ అక్క నా జబ్బ పట్టుకుని లోపలికి లాగి తలుపు వేసింది.

"నువ్వేనా నాయనమ్మని చంపమన్నది?"

"కథ కోసమే అక్కా."

"నీ కథ మండిపోనూ! ఆవిడకి ఏడాదిగా మాటలు నిలవట్లేదే. రెండు ముక్కలు చెప్తే మూడోది గుర్తుండదు. మొదట్లో పళ్ళెం వెనక రాసిపెట్టాం. తర్వాత ఎదుటివాడి చొక్కా మీద కాగితం అంటించాం. కళ్ళజోడు లేకపోతే అదీ కనపడదాయె. దొరకలేదు గారే చూసి, ఎవరికీ అనుమానం రాకుండా మాటలు తగ్గించుకుంటూ వచ్చారు. చానల్‌కి తెలిస్తే ఇంకొకావిణ్ణి తెచ్చిపెడతారని మా అందరిచేతా ఒట్టు వేయించుకున్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. "మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"నీకు మలుపుల పిచ్చి కదా. ఇది కూడా సీన్లో పెట్టేస్తావని భయపడ్డాం" అని, కాస్త తగ్గి, "ఆవిడకి నా అన్నవాళ్ళు లేరే. షూటింగ్ లేని రోజు కూడా వచ్చి ఈ మూల కూర్చుంటుంది. అదేమంటే, 'ఇంట్లో నాలుగు గోడలున్నాయి, మనిషి లేదు. ఇక్కడ మూడే గోడలు, కానీ మనుషులున్నారు' అంటుంది" అంది.

నేను పరుగున గురువుగారి గదికి వెళ్ళాను. జనరేటర్ పక్కన చిన్న గది అది, మాట వినపడాలంటే అరవాలి. "తప్పయిపోయింది గురువుగారూ! చానల్ సార్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను" అని అరిచాను.

"వద్దంటే సీరియల్ ఆపేస్తాడమ్మాయ్. అరవై మంది వీధిన పడతారు. వాళ్ళలో ఆవిడ కూడా ఉంటుంది" అని ఆయనా అరిచారు. అలా పెద్దగా అరిచి చెప్పుకోవలసిన విషయం కాదది. ఇద్దరం సిగ్గుపడి ఊరుకున్నాం.

రెండ్రోజుల్లో స్టిల్ ఫొటోగ్రాఫర్ వచ్చాడు. మా సెట్లో అతన్ని చూస్తే అందరికీ చెమటలు పడతాయి. పాత్ర పోయిందనుకున్నాక గోడకి తగిలించడానికి ఫ్రేము కట్టించిన ఫొటో కావాలి. అది తియ్యడానికి ముందుగా వచ్చేది అతనే. "ఒక్కసారి నవ్వండి" అంటే చాలు, పహిల్వాన్ లాంటి నటులు కూడా బావురుమంటారు. అతను కెమెరా తీసుకుని నేరుగా నాయనమ్మ దగ్గరికి నడిచాడు. సెట్లో సుత్తి చప్పుడు కూడా ఆగిపోయింది.

నాయనమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత మేకప్ అక్కని పిలిచి జుట్టు సరిచేయించుకుంది. "బాగా తియ్యి నాయనా. గోడ మీద ఎన్నేళ్ళుండాలో ఏమో, ముడతలు కాస్త తగ్గించు" అంది. ఫొటోలో ఎంతో చక్కగా నవ్వింది. ఫొటోగ్రాఫరే కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. నేను ఆవిడ కంటపడకుండా వంటింటి సెట్టు వెనక నక్కాను. ఆ రోజంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

గురువుగారు రాయడం మొదలుపెట్టారు. మొదటి వారం నాయనమ్మని పడవ ఎక్కించి, పడవ తిరగేశారు. చానల్ సార్ ఫోన్ చేసి ఒక్క మాట అడిగాడు. "బాడీ?"

"నది బాగా లోతండీ" అన్నారు గురువుగారు. ఆ కాగితాలు అలాగే వెనక్కొచ్చాయి.

రెండో వారం ఆస్పత్రిలో పెట్టారు. డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపుతుంటే కరెంటు పోయింది. "కరెంటు వచ్చాక?" అన్నాడు చానల్ సార్. "మంచం ఖాళీగా ఉంటుందండీ" అన్నారీయన మెల్లగా. చానల్ సార్ నిట్టూర్చి, "శుక్రవారం బాడీ షూట్ చెయ్యకపోతే, శనివారం నుంచి మీరెవరూ రానక్కర్లేదు" అని పెట్టేశాడు.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. గురువుగారు గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచేవారు. రోజుకి నాలుగుసార్లు నాయనమ్మకి ఫోన్ చేసి భోంచేశారా అని అడిగేవారు. ఆవిడ విసుగెత్తి, "నువ్వు ఇన్నిసార్లు అడుగుతుంటే తిన్నది అరగట్లేదు నాయనా" అంది. నేను గోళ్ళయిపోయి వేళ్ళు కొరకడం మొదలుపెట్టాను. అల్లుడు వేషధారి ఇంకో సీరియల్లో వేషం దొరుకుతుందేమోనని చాటుగా ఫోన్లు చేసుకున్నాడు. డైరెక్టరు ఎవరు పలకరించినా కసిరేవాడు.

గురువారం సాయంత్రం గురువుగారు నా చేతిలో కాగితాలు పెట్టి, సాపు రాయమన్నారు. చివరి పేజీ తీశాను. నాయనమ్మ తల పక్కకి వాలిపోతుంది. డాక్టరు నాడి చూస్తాడు. మొహం ఐదు సెకన్లు స్పష్టంగా కనపడాలి, తర్వాతే దుప్పటి కప్పాలి. ఇన్‌స్పెక్టరు లేడు, నది లేదు. కరెంటు కూడా పోలేదు.

"నిజంగానే చంపేశారా గురువుగారూ?" అన్నాను.

"బాడీ అడిగారుగా" అన్నారాయన. కాగితం మీద ఆయన అక్షరాలు ఎక్కడా వణకలేదు. దాంతో నాకు ఇంకా భయం పట్టుకుంది.

శుక్రవారం పొద్దున సెట్‌కి వెళ్ళేసరికి షూటింగ్ లేనివాళ్ళంతా వచ్చి ఉన్నారు. పెద్దకోడలు వేషం వేసే ఆవిడ పిల్లని చంకనేసుకుని నిలబడింది.

"మీకివాళ సీను లేదుగా?" అన్నాను.

"సార్‌కి తోడుగా ఉందామని వచ్చా. ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడేగా నన్ను వాగులో పడేసింది. ఏడో నెలలో పొట్ట కనపడుతోంది, ఇంకొకర్ని పెట్టెయ్యమన్నారు చానల్ వాళ్ళు. సార్ ఒప్పుకోలేదు. కారుతో సహా ముంచేసి, పిల్లకి ఐదో నెల వచ్చాక గొర్రెలు కాసేవాళ్ళింట్లో తేల్చారు."

"నాది వెన్నెముక ఆపరేషను" అన్నాడు పక్కనే ఉన్న రెండోకొడుకు వేషధారి. "నాలుగు నెలలు కదలొద్దన్నారు. అందుకే మంటల్లో పడేసి, మొహం నిండా కట్లు కట్టి ఎవరినో పడుకోబెట్టారు. నేను నడవగలిగిన రోజున కట్లు విప్పించారు."

విమానంతో మాయమైన పెద్దకొడుకు తన తండ్రి జబ్బు సంగతి చెప్పాడు. ఒక్కొక్కళ్ళూ తమ చావు గురించి ముచ్చటగా చెప్పుకొచ్చారు. బాడీ దొరకలేదంటే ఆ మనిషి కుర్చీ ఇంకా ఆ మనిషిదేనని అర్థం. ఏడాదిపాటు ఆయన పక్కనే కూర్చుని సాపు రాసిన నాకు ఒక్కసారైనా అది తట్టలేదు. అలాంటి మనిషిచేత ఇవాళ నేను బాడీ రాయించాను. ఎవరి మొహమూ చూడలేకపోయాను.

నాయనమ్మ మాత్రం బాగా పోయింది. "ఈ ఇల్లు అసలు" అన్న రెండు ముక్కలూ తడబడకుండా చెప్పి, తల వాల్చేసింది. కోడళ్ళు ఏడ్చారు. గ్లిజరిన్ ఎవరికీ అవసరం కాలేదు. కెమెరా నెమ్మదిగా దగ్గరికి వెళ్తుండగా సన్నగా గురక వినపడింది. పొద్దుటి నుంచి పరుపు మీద ఉందేమో, నిద్రపట్టేసింది పాపం. ఏడుస్తున్న చిన్నకోడలు ఫక్కున నవ్వింది. మూడు టేకులయ్యాయి. మూడోసారి మేకప్ అక్క మంచం కింద దూరి, గురక మొదలైనప్పుడల్లా ఆవిడ కాలు గిల్లింది.

సీను అయిపోయాక నాయనమ్మ దువ్వెన, కళ్ళజోడు, మందుల డబ్బా సంచిలో సర్దుకుంది. అప్పుడొచ్చారు గురువుగారు, చేతిలో కాగితాలతో.

"రేపు తొమ్మిదింటికి రావాలండీ" అన్నారు.

"ఇంకా ఎందుకు నాయనా, పోయానుగా? బాగానే పోయానా?"

"దివ్యంగా పోయారు. రేపు మీ చెల్లెలు దిగుతోంది. కవల చెల్లెలు."

నాయనమ్మ సంచి కింద పెట్టింది. "నాకు చెల్లెలుందా? ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నాకూ నిన్న మధ్యాహ్నమే తెలిసిందండీ."

"ఎలా ఉంటుందేం?"

"అచ్చు గుద్దినట్టు మీలాగే" అని, గురువుగారు కాగితాల వంక చూస్తూ, "ఒక్కటే తేడా. పాపం, మూగది" అన్నారు.

నాయనమ్మకి అర్థమైంది. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు. నేను ముక్కు చీదిన చప్పుడుకి అవతలి సెట్లో సౌండ్ ఆయన 'ఎవరండీ అది' అని కేకేశాడు.

చానల్ సార్‌కి ఫోన్లో చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "కవలా?" అన్నాడాయన. "అవునండీ." "మూగదా?" "పుట్టుకతోనే నండీ." చివరికి, "రేపు నేనే సెట్‌కి వస్తున్నాను. ఆ చెల్లెలు నాకు నచ్చకపోతే అక్కడికక్కడే ఆపేస్తాను. ఇంక నన్ను బతిమాలొద్దు" అన్నాడు.

మర్నాడు అన్నంత పనీ చేశాడు. కెమెరా పక్కన కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. గురువుగారు ఒక పెట్టె మీద కూర్చున్నారు.

సీను చిన్నది. చెల్లెలు సంచితో వస్తుంది. హాల్లో కూర్చుంటుంది. అల్లుడు వచ్చి తాళాలు ఏవని గద్దిస్తాడు. ఆవిడ చూస్తుంది. అంతే. నాయనమ్మ గుమ్మంలోకి వచ్చింది. నిన్నటి మనిషి కాదు ఆవిడ. గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటీ లేదేమో, నడుం నిటారుగా ఉంది, కళ్ళలో బెదురు లేదు. కూర్చుని అల్లుడి వైపు అలా చూసింది. చానల్ సార్ కాలు కిందికి దించాడు.

"తాళాలెక్కడే ముసలిదానా?" అని అల్లుడు అరిచి, కాగితంలో ఉన్నట్టే ఆవిడ సంచిని కాలితో తన్నాడు.

"ఒరేయ్!" అంది నాయనమ్మ.

మా అందరి పైప్రాణాలూ పైనే పోయాయి.

"ఎవరి సంచిరా తంతున్నావ్? మా అక్క పోయి రోజు తిరగలేదు, అప్పుడే తాళాలకి చెయ్యి చాస్తావా? నువ్వీ ఇంటికొచ్చిన రోజు నీ కాళ్ళకి చెప్పుల్లేవు. అక్క కొనిపెట్టిన చెప్పులతో అక్క ఇంట్లో నా సంచి తంతావా? నీకు సిగ్గు లేకపోతే పోనీ, ఆ చెప్పులకైనా ఉండాలి కదరా! ఎత్తు! ఆ సంచెత్తి దుమ్ము దులిపి నా చేతికియ్యి. అప్పుడు చెప్తాను తాళాలెక్కడున్నాయో, నువ్వెక్కడుండాలో!"

ఎక్కడా తడబాటు లేదు, ఆలోచించుకోవడం లేదు. అల్లుడు వేషధారి వణికిపోయి, సంచెత్తి దుమ్ము దులిపి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు. "తప్పయిపోయిందండీ" అని కూడా అన్నాడు. అదీ కాగితంలో లేదు. డైరెక్టరు కట్ చెప్పడం మర్చిపోయాడు.

నా కళ్ళు చానల్ సార్ మీదే ఉన్నాయి. మూగది మాట్లాడింది, అదీ మొదటి రోజు మొదటి సీన్లోనే. అయిపోయింది, అరవై మంది కొంపలూ మునిగాయి అనుకున్నాను. చానల్ సార్ కుర్చీలోంచి లేచాడు. లేవడంలో కుర్చీ వెనక్కి పడింది.

"మూగది కాదా! నటించిందా! ఎందుకు నటించింది? అసలు వచ్చింది చెల్లెలా, అక్కా? అబ్బ, ఇదండీ మలుపంటే! నాకు కూడా చెప్పకుండా దాచారా? ఎవరు రాశారిది?"

"మా అసిస్టెంటు" అన్నారు గురువుగారు తడుముకోకుండా.

చానల్ సార్ నాకు చెయ్యి కలిపి, ఇంకో ఏడాదిదాకా ఈ సీరియల్‌ని ఆపేవాడు లేడని ప్రకటించి, ఎవరికో ఫోన్ చేసుకుంటూ బయటికి పరుగెత్తాడు. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు తగ్గాక నాయనమ్మ మా వైపు తిరిగింది. "బాగా వచ్చిందా నాయనా? ఎక్కడా మర్చిపోలేదుగా?"

"ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు" అన్నారు గురువుగారు కళ్ళు ఒత్తుకుంటూ. "కాకపోతే మీరు మూగవారండీ."

నాయనమ్మ చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! ఎప్పట్నుంచీ?"

"ఇందాకటిదాకానే. ఇప్పుడు తగ్గిపోయింది" అని ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నా వైపు చూశారు. "అమ్మాయ్, ఆవిడ ఎందుకు మాట్లాడిందో కాస్త ఆలోచించి రాసిపెట్టు. గురువారానికి కావాలి."

నేను జనరేటర్ పక్కన గదిలోకి వెళ్ళి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. నాయనమ్మకి ఎక్కువ మాటలు పెట్టలేదు. సీనుకి రెండు ముక్కలు రాసి, కింద ఖాళీ వదిలాను. ఆవిడకి నచ్చితే మిగతావి ఆవిడే చెప్పుకుంటుంది.